ఉపాధి నుంచి మోక్షం దాకా: దర్శనాల పరిభాషను ఎలా చదవాలి?

విశాఖపట్నం కంచరపాలెంలో ఉపాధి కల్పన కార్యాలయం ఉంది. అక్కడ పేరు నమోదు చేసుకున్న నిరుద్యోగిని ఉపాధి అంటే ఏమిటని అడిగితే ఉద్యోగం అంటాడు. ఉపాధి హామీ పనికి వెళ్లే పల్లెటూరి మహిళను అడిగితే కూలిపని అంటుంది. ఇద్దరి జవాబూ సరైన తెలుగే. అయితే అదే ఊళ్లో సాయంత్రం జరిగే వేదాంత ప్రవచనంలో ‘ఉపాధి తొలగితే జీవబ్రహ్మల భేదం తొలగిపోతుంది’ అన్న వాక్యం వినిపించినప్పుడు ఈ అర్థం ఎందుకూ పనికిరాదు. అద్వైతంలో ఉపాధి అంటే తన గుణాన్ని దగ్గరున్న మరో వస్తువుదిగా కనిపించేటట్టు చేసేది. స్ఫటికం పక్కన మందారపువ్వు పెడితే స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. ఎరుపు పువ్వుదే తప్ప స్ఫటికానికి అంటుకున్నది కాదు. అక్కడ పువ్వు ఉపాధి. దేహం, మనస్సు, బుద్ధి ఇదే విధంగా శుద్ధచైతన్యానికి ఉపాధులై, దానికి లేని పరిమితులను ఉన్నట్టు చూపిస్తాయని అద్వైతుల వాదం.

కథ ఇక్కడితో ముగియదు. తర్కాన్ని చర్చించే న్యాయదర్శనం తెరిస్తే ఉపాధి మరొక రూపంలో ఎదురవుతుంది. అక్కడ అది అనుమాన ప్రమాణంలో, అంటే కనిపించే గుర్తును బట్టి కనిపించనిదాన్ని తేల్చే తర్కంలో, దొర్లే ఒక దోషాన్ని బయటపెట్టే సాధనం. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్న నియమం నిలుస్తుంది. దాన్ని తిరగేసి, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందంటే నిలవదు. ఎర్రగా కాలిన ఇనుపగుండును నైయాయికులు దృష్టాంతంగా చూపుతారు. ఉక్కు కర్మాగారం ఉన్న ఊరివాళ్లకు ఈ దృష్టాంతాన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. కణకణలాడే ఉక్కుదిమ్మెలో నిప్పు ఉంది, పొగ లేదు. పొగ పుట్టాలంటే నిప్పుతో పాటు తడికట్టె కలవాలి. ఆ తడికట్టెల కలయికే ఇక్కడ ఉపాధి. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో దీనికి ఇచ్చిన లక్షణం ‘సాధ్యవ్యాపకత్వే సతి సాధనావ్యాపకత్వం’. నిరూపించదలచిన పొగ ఉన్న ప్రతిచోటా తడికట్టె ఉంటుంది; హేతువుగా చూపిన నిప్పు ఉన్న ప్రతిచోటా ఉండదు. కనుక ఆ అనుమానం దొంగ అనుమానమని తేలుతుంది.

వేదాంతపు ఉపాధికీ న్యాయపు ఉపాధికీ దూరపు చుట్టరికం కనిపిస్తుంది. రెండింటిలోనూ ఒకదానికి చెందినది మరొకదాని మీదికి ఎక్కుతోంది. కాని వాటిని పుట్టించిన ప్రశ్నలు వేరు. భేదం లేని చైతన్యం అనేకంగా ఎలా కనిపిస్తోందన్నది వేదాంతి ప్రశ్న. ఈ హేతువును నమ్మవచ్చా అన్నది నైయాయికుడి ప్రశ్న. దర్శనాల, అంటే తత్త్వశాఖల, పరిభాషలో దాదాపు ప్రతి పదం విషయంలోనూ ఇదే జరుగుతుంది. పదానికి అర్థం ఏమిటని నిఘంటువును అడిగే ముందు, మాట్లాడుతున్నది ఏ దర్శనం, ఏ చిక్కును విప్పడానికి ఆ పదాన్ని వాడింది అని అడగాలి. ఈ పదాలు ఏనాడో ఇంట్లో చేరి, వేరే పనుల్లో స్థిరపడిపోవడం వల్ల తెలుగు పాఠకుడికి ఈ జాగ్రత్త మరీ అవసరం. పూర్తిగా తెలియని మాట ఎదురైతే ఆగి అడుగుతాం. తెలిసినట్టే ఉన్న మాట దగ్గర ఆగము.

‘కర్మ’ ఇందుకు మంచి నిదర్శనం. బస్సు తప్పిపోయినా ‘నా ఖర్మ’ అనుకోవడం మనకు అలవాటు. లోకంలో ఉన్నవాటిని వర్గీకరించే దర్శనం వారైన వైశేషికులకు కర్మ అంటే కేవలం చలనం. ద్రవ్యం, గుణం తరువాత వారు లెక్కించిన మూడో పదార్థం, అంటే మూడో వర్గం, అది; పైకి ఎత్తడం, కిందికి దించడం, ముడవడం, చాచడం, సాగిపోవడం అని దాన్ని ఐదు విధాలుగా విభజించారు. ఆ లెక్కన విశాఖ ఓడరేవులో క్రేన్ కంటైనర్‌ను పైకి లేపడమూ ఉత్క్షేపణమనే కర్మే. అందులో పాపపుణ్యాల ప్రసక్తి లేదు. వేదవిధులను విచారించే మీమాంసకుల దృష్టిలో కర్మ అంటే ప్రధానంగా వేదం విధించిన క్రియ. వారికి వచ్చిన చిక్కు వేరు: ఈరోజు చేసిన యాగం ఈరోజే ముగిసిపోతుంది, స్వర్గఫలం ఎప్పుడో వస్తుంది, మధ్యలో ఆ రెండింటినీ కలిపేది ఏది? దానికి జవాబుగా ‘అపూర్వం’ అనే అదృశ్యశక్తిని అంగీకరించారు. సన్మానసభల్లో అలవోకగా దొర్లే ‘అపూర్వం’ అనే విశేషణానికి ఇంత బరువైన పూర్వజీవితం ఉందని చాలామందికి తెలియదు.

జైనుల దగ్గరికి వస్తే కర్మ ఏకంగా భౌతికద్రవ్యం అవుతుంది. అతిసూక్ష్మమైన పుద్గల కణాలు జీవుడి ప్రవృత్తుల వల్ల అతడిలోకి ప్రవహించి అంటుకుంటాయి. ప్రవహించడం ఆస్రవం, అంటుకోవడం బంధం, ప్రవాహాన్ని ఆపడం సంవరం, అంటుకున్నదాన్ని రాల్చడం నిర్జర. ఉపవాసాలకూ కఠోర తపస్సుకూ జైనంలో అంత ప్రాధాన్యం ఎందుకో ఈ నిర్వచనం నుంచే తెలుస్తుంది. అంటుకున్నది ద్రవ్యమైతే దాన్ని రాల్చే పని కూడా ఉండాలి కదా. బుద్ధుడు దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడిచి, సంకల్పాన్నే కర్మ అంటున్నానని భిక్షువులకు చెప్పాడు. పాళీలో ఆయన వాడిన మాట ‘చేతన’. చెయ్యి కదలడం కన్నా దాని వెనుక ఉన్న ఉద్దేశమే ఆయనకు ముఖ్యం. ఒకరు కర్మను కణమన్నారు, మరొకరు సంకల్పమన్నారు, ఇంకొకరు కదలిక అన్నారు. వీటన్నిటినీ కలిపి ‘భారతీయ కర్మసిద్ధాంతం’ అని ఒకే గాట కట్టే వ్యాసాలు తరచూ కనిపిస్తాయి. అవి చదివినవారికి చివరికి మిగిలేది బస్సు తప్పినప్పటి కర్మే.

ఆ బస్సు కర్మకు సైతం వేదాంతంలో ఒక చోటుంది. పేరుకుపోయినది సంచితం, ఫలించడం మొదలైనది ప్రారబ్ధం, ఇకముందు చేయబోయేది ఆగామి. మనం వాపోయేది ప్రారబ్ధం గురించి. జ్ఞానం కలిగితే సంచితం దగ్ధమవుతుందనీ, ఆగామి అంటదనీ, ప్రారబ్ధం మాత్రం వింటి నుంచి వెలువడిన బాణంలా వేగం తీరేదాకా నడుస్తుందనీ అద్వైతులు చెబుతారు. జ్ఞాని శరీరం వెంటనే ఎందుకు పడిపోదన్న ప్రశ్నకు ఇది వారి సమాధానం.

‘ధర్మం’ గతి ఇంకా విచిత్రం. ‘చోదనాలక్షణోఽర్థో ధర్మః’ అని జైమిని సూత్రం; వేదవిధి వల్ల మాత్రమే తెలిసే శ్రేయస్సు ధర్మమని తాత్పర్యం. బౌద్ధ అభిధర్మంలో ధర్మాలు అంటే అనుభవాన్ని విడగొట్టుకుంటూ పోతే చివరికి మిగిలే మూలాంశాలు. జైన తత్త్వంలో ధర్మానికి మరొక పారిభాషిక అర్థం ఉంది: కదలికకు తోడ్పడే మాధ్యమం. చేప ఈదడానికి నీరు ఎలా సహకరిస్తుందో జీవపుద్గలాలు కదలడానికి ధర్మం అలా సహకరిస్తుంది. ఆగి ఉండడానికి సహకరించేది అధర్మం. ఈ సంగతి తెలియకుండా జైనగ్రంథంలో ‘అధర్మద్రవ్యం’ అన్న మాట చూసినవారు దాన్ని అక్రమార్జన అనుకుంటే తప్పు వారిది కాదు.

ఇక మాయ, మిథ్య. ఈ జంట మీద నిలబడి చాలాసేపు మాట్లాడుకోవాలి, ఎందుకంటే అద్వైతం మీద వచ్చే విమర్శల్లో సగం ఈ రెండు మాటలను తప్పుగా వినడం వల్ల వచ్చినవే. ‘జగన్మిథ్య’ అన్నప్పుడు తెలుగు చెవికి జగత్తు అబద్ధమని వినిపిస్తుంది. శంకర సంప్రదాయంలో మిథ్య అంటే సత్తూ అసత్తూ రెండూ కానిది. మూడు కాలాల్లోనూ బాధింపబడకుండా, అంటే మరో జ్ఞానం వల్ల రద్దు కాకుండా, నిలిచేది సత్తు. ఏ కాలంలోనూ ఎవరికీ కనిపించనిది అసత్తు; కుందేటికొమ్ము దానికి ఉదాహరణ. మసకచీకట్లో తాడు మీద కనిపించిన పాము ఈ రెంటిలో దేనికీ చెందదు. దీపం తేగానే పోయింది కనుక సత్తు కాదు. కనిపించి గుండె దడ పుట్టించింది కనుక అసత్తూ కాదు. ఆ మూడో రకానికే మిథ్య అని పేరు. దాని మీద మరో విభజన కూడా ఉంది: తాటిపాముది ప్రాతిభాసిక సత్త, మనం ఇళ్లు కట్టుకుని పన్నులు కట్టే ఈ లోకానిది వ్యావహారిక సత్త, బ్రహ్మానిది పారమార్థిక సత్త. లోకం ఎంత మిథ్య అయినా తాటిపాముతో సమానం కాదు. నిద్రలేస్తే కల పోయినట్టు నిద్రలేస్తే ఓడరేవు పోదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1931 నుంచి 1936 వరకు ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ తన రచనల్లో పట్టుబట్టి చెప్పిన సంగతుల్లో ఇదొకటి: శంకరుడు లోకాన్ని ఉత్త భ్రమ అని కొట్టిపారేయలేదు.

అంతమాత్రాన మాయావాదానికి వచ్చిన అభ్యంతరాలన్నీ అపార్థాలని అనుకోకూడదు. రామానుజులు బ్రహ్మసూత్రాలకు రాసిన శ్రీభాష్యంలో, ఈ మిథ్యకు కారణమని అద్వైతులు చెప్పే అవిద్య (అజ్ఞానం) మీద ఏడు అనుపపత్తులు, అంటే పొసగని చిక్కులు, లేవనెత్తారు. మొదటిదే గట్టి దెబ్బ: ఈ అవిద్య ఎవరిని ఆశ్రయించి ఉంది? జీవుడిని అంటే, జీవుడు అవిద్య వల్లనే ఏర్పడ్డాడంటున్నారు; పుట్టబోయేవాడు తనను పుట్టించేదానికి ఆధారం ఎలా అవుతాడు? బ్రహ్మాన్ని అంటే, అది స్వయంప్రకాశ జ్ఞానం. జ్ఞానంలో అజ్ఞానం ఎలా కాపురం ఉంటుంది? అద్వైతులే ఈ విషయంలో రెండుగా చీలారు. వాచస్పతి మిశ్రుని భామతీ ప్రస్థానం జీవుడే ఆశ్రయమంటుంది, ప్రకాశాత్ముని వివరణ ప్రస్థానం బ్రహ్మమే ఆశ్రయమంటుంది. మాయ అన్న మాటను రామానుజులు విడిచిపెట్టలేదు కూడా. ఆయన దృష్టిలో అది ఈశ్వరుని ఆశ్చర్యకరమైన సృష్టిశక్తి. గీతలో ‘మమ మాయా’ అన్నచోట త్రిగుణాత్మకమైన ప్రకృతి అని ఆయన వ్యాఖ్యానం. అందులో అసత్యమన్న వాసన లేదు.

ఈ తేడా గ్రంథాల్లోనే ఉండిపోయేది కాదని చూడాలంటే సింహాచలం వెళ్లాలి. వరాహ లక్ష్మీనృసింహస్వామి ఏడాది పొడవునా చందనపు పూతలో ఉంటాడు. అక్షయ తృతీయనాడు, చందనోత్సవంలో, పూత ఒలిచి నిజరూప దర్శనం ఇస్తారు. కొండ కింది నుంచి క్యూలు కట్టే జనంలో చాలామందికి ఆ మాట ‘అసలైన రూపం’ అని వినిపిస్తుంది. మిగతా రోజుల్లో చూసినది అసలు కాదన్న ధ్వని దాని వెంటే వస్తుంది. సంస్కృతంలో ‘నిజ’ అంటే తనదైన, స్వంతమైన అని అర్థం. నిజరూపం అంటే పూత లేని తన రూపం, అంతే. సత్యాసత్యాల తీర్పు ఆ మాటలో లేదు. ప్రవచనకర్తలు కొందరు దీన్ని పట్టుకుని, చందనం అజ్ఞానపు ఆవరణమనీ అది తొలగితే ఆత్మ దర్శనమిస్తుందనీ అన్వయిస్తారు. అన్వయం అందంగానే ఉంటుంది, కాని అది అద్వైతం నుంచి తెచ్చి శ్రీవైష్ణవాలయంలో పెట్టినది. విశిష్టాద్వైతంలో భగవంతుడు పర, వ్యూహ, విభవ, అంతర్యామి, అర్చ అని ఐదు స్థితుల్లో ఉంటాడు. గుడిలోని అర్చారూపం దేనికో గుర్తుగా పెట్టిన బొమ్మ అని వారు అంగీకరించరు. పరిపూర్ణుడైన భగవంతుడే అందరికీ అందేటట్టు దిగివచ్చిన రూపమంటారు, ఆ గుణానికి సౌలభ్యమని పేరు పెట్టారు. కనుక చందనంలో ఉన్న స్వామి ఒక వీసమెత్తు కూడా తక్కువ స్వామి కాడు. పూత సేవలో భాగం. తొలగించవలసిన అజ్ఞానమే అయితే, అదే రోజు రాత్రి అర్చకులు మళ్లీ శ్రద్ధగా చందనం పూయడానికి వేరే సమాధానం వెతుక్కోవాలి.

అన్నట్టు ‘విశిష్టాద్వైతం’ అన్న పేరు దగ్గరే ఒక పొరపాటు ఉంది. తెలుగులో విశిష్టం అంటే ప్రత్యేకమైనది కనుక, ఇది అద్వైతంలోనే కాస్త మేలురకం అనుకునేవారున్నారు. విశేషణాలతో కూడినది విశిష్టం. చిత్తు, అచిత్తు అనే విశేషణాలతో కూడిన బ్రహ్మం ఒక్కటే అని ఆ పేరుకు అర్థం. జీవులూ జడప్రకృతీ బ్రహ్మానికి శరీరం. శరీరానికి విడిగా మనుగడ లేదు, అలాగని శరీరం అబద్ధమూ కాదు. ‘ద్వైతం’ పేరుతోనూ ఇలాంటి చిక్కే వచ్చింది. సమాన బలం గల రెండు తత్త్వాలు ఉన్నాయని మధ్వాచార్యులు చెప్పారనుకుంటారు. ఆయన చెప్పినది స్వతంత్రమైనది ఒక్క విష్ణుతత్త్వమే, తక్కినదంతా పరతంత్రమని. భేదాలు మాత్రం ఐదు, ఐదూ వాస్తవాలే: ఈశ్వరుడికీ జీవుడికీ, ఈశ్వరుడికీ జడానికీ, జీవుడికీ జీవుడికీ, జీవుడికీ జడానికీ, జడానికీ జడానికీ. ఈ మతం ఉత్తరాంధ్రకు కొత్తది కాదు. మధ్వుల శిష్యుడైన నరహరి తీర్థుల ప్రస్తావన 13వ శతాబ్దపు శ్రీకూర్మం, సింహాచలం శాసనాల్లో ఉంది.

ఈ మూడు దర్శనాలూ ఛాందోగ్య ఉపనిషత్తులోని ‘తత్త్వమసి’ (అది నీవే) అన్న వాక్యాన్ని ఎలా చదివాయో చూస్తే పరిభాష ఎందుకు అవసరమైందో తెలుస్తుంది. ‘నాడు కాశీలో చూసిన ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు’ అన్నప్పుడు నాటి కాలాన్నీ నేటి కాలాన్నీ వదిలి మనిషిని మాత్రమే తీసుకుంటాం. అలాగే ‘తత్’ నుంచి సర్వజ్ఞత్వాన్నీ, ‘త్వం’ నుంచి అల్పజ్ఞత్వాన్నీ వదిలి చైతన్యాన్ని మాత్రం గ్రహించాలని అద్వైతులు; ఈ పద్ధతికి జహదజహల్లక్షణ అని పేరు. ఏదీ వదలనక్కరలేదు, ‘త్వం’ అన్న మాట జీవుడితో ఆగకుండా అతడిలో అంతర్యామిగా ఉన్న బ్రహ్మం దాకా వెళ్తుందని రామానుజులు. మధ్వులు సంధినే వేరుగా విడదీసి ‘స ఆత్మా అతత్ త్వమసి’ అని చదివారు: నీవు అది కావు. ఒక అకారం చేరితే సిద్ధాంతం తలకిందులైంది.

భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కితే అక్షరాలు అవే ఉండి లోకం మారిపోతుంది. సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ కొండ మీద స్తూపాలు, చైత్యగృహాలు, భిక్షువుల గదులు, రాతిని తొలిచిన నీటితొట్లు 1988 నుంచి 1993 వరకు జరిగిన తవ్వకాల్లో బయటపడ్డాయి. అక్కడ నివసించిన భిక్షువులు మనిషిని రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారం, విజ్ఞానం అనే ఐదు స్కంధాలుగా విడదీసి ధ్యానం చేసినవారు. ఐదూ మనకు తెలిసిన మాటలే, ఐదింటిలో ఒక్కటీ మనం అనుకునే అర్థంలో లేదు. వేదన అంటే బాధ ఒక్కటే కాదు, సుఖం, దుఃఖం, రెండూ కానిది, ఏ అనుభూతి అయినా వేదనే. సంజ్ఞ అంటే సైగ అనుకుంటాం; అక్కడ అది ‘ఇది నీలం’, ‘ఇది కెరటం’ అని గుర్తుపట్టే క్రియ. సంస్కారం మర్యాదా కాదు, అంత్యక్రియా కాదు, సంకల్పంతో సహా మనస్సును మలిచే ప్రవృత్తుల సముదాయం. విజ్ఞానానికి విజ్ఞానశాస్త్రంతో సంబంధం లేదు. విషయాన్ని ఎరిగే ఎరుక అది. ‘ఉపాదానం’ తీసుకోండి: వేదాంతంలో కుండకు మట్టి ఉపాదానకారణం, బౌద్ధంలో తృష్ణ వల్ల పుట్టి భవానికి, అంటే మళ్లీ పుట్టుకకు, దారితీసే వదలని పట్టు ఉపాదానం.

అనాత్మవాదాన్ని ఈ స్కంధాల వెలుగులో చదివితే తగాదా సగం తేటపడుతుంది. మనిషే లేడని బుద్ధుడు అనలేదు. ఈ ఐదింటిలో దేన్ని పట్టి చూసినా మారకుండా ‘నేను’గా నిలిచేది దొరకదన్నాడు. ఉపనిషత్తులు ఆత్మ అన్నది సరిగ్గా ఆ మారనిదాన్నే. ఒకరు ఉందన్నదాన్నే మరొకరు దొరకలేదన్నారు కనుక ఇది మాటల తేడా కాదు, అసలైన భేదం. రెండింటినీ బుజ్జగించి కలిపేసే అలవాటును నేను మెచ్చను. ‘నిర్వాణం’ కూడా అంతే. పత్రికలు మరణవార్తలో వాడే ‘నిర్యాణం’తో కలిసిపోయి అది చావుకు గౌరవపదంగా మారింది. బౌద్ధంలో నిర్వాణం రాగద్వేషమోహాలు ఆరిపోవడం, అది బతికుండగానే సాధ్యం. మోక్షం అంటే ఆనందమని వేదాంతులు అంటారు. నైయాయికుల అపవర్గంలో దుఃఖం పూర్తిగా తొలగడమే ఉంది, ఆనందం లేదు. రాయిగా మారడానికి ఇంత శాస్త్రం ఎందుకని ప్రత్యర్థులు ఎగతాళి చేసినా వారిలో ఎక్కువమంది మాట మార్చలేదు.

ఇవే మాటలు దేశీయ దర్శనాల హద్దు దాటినప్పుడు చిక్కు మరో రకంగా ఉంటుంది. ఓడరేవు దగ్గర పక్కపక్కనే మూడు కొండలున్నాయి: వేంకటేశ్వరస్వామి కొండ, కన్యమేరీ కొండ, దర్గా కొండ. తెలుగు క్రైస్తవులు పరిశుద్ధాత్మ అన్నప్పుడు త్రిత్వంలోని ఒక వ్యక్తిని ఉద్దేశిస్తారు. తెలుగు బైబిలులో ఆత్మ, జీవము, శరీరము అని మనిషిని మూడుగా చెప్పిన చోట ఆత్మ దేవుడు సృజించినది. పుట్టుకలేని ఉపనిషదాత్మ కాదు. వారు ఆశించే పునరుత్థానం శరీరంతో సహా లేవడం కనుక, శరీరాన్ని ఉపాధిగా విడిచిపెట్టే మోక్షంతో దానికి పొత్తు కుదరదు.

సూఫీల ‘ఫనా’ను, అంటే దైవంలో తనను తాను కోల్పోవడాన్ని, అద్వైతముక్తి అని అనువదించడం పరిపాటి. దీని మీద సూఫీలలోనే శతాబ్దాల వాదం నడిచింది. ఇబ్న్ అరబీ సంప్రదాయం ‘వహ్దతుల్ వుజూద్’ అని ఉనికి ఒక్కటేనంది; 17వ శతాబ్దపు తొలినాళ్లలో అహ్మద్ సర్హిందీ ‘వహ్దతుష్ షుహూద్’ అని, ఏకత్వం సాధకుడి దర్శనంలో ఉందే తప్ప ఉనికిలో లేదన్నాడు. పారశీకంలో ఈ తగవును రెండు చిన్న వాక్యాల్లో చెప్పుకుంటారు: ‘హమా ఊస్త్’, అంతా ఆయనే; ‘హమా అజ్ ఊస్త్’, అంతా ఆయన నుంచే. మొదటిదాని పక్కన అద్వైతిని నిలబెట్టవచ్చు, అప్పుడు కూడా మిథ్య అన్న మెట్టును ఇబ్న్ అరబీ ఎక్కలేదని గుర్తుంచుకోవాలి. రెండోదానికి కన్యమేరీ కొండ మీది గురువు అభ్యంతరం చెప్పడు. సింహాచలంలో శాసనం ఉన్న మధ్వశిష్యుడూ లోకం పరతంత్రమనే అంటాడు, కానీ దేవుడు లోకాన్ని శూన్యం నుంచి సృజించాడన్న చోట వారితో విడిపోతాడు. ప్రకృతీ జీవులూ అనాది అని ఆయన గురువు సిద్ధాంతం.